530003 ప్రధాన సంఖ్య కాదు: 617 × 859 ఎలా బయటపడుతుంది, దాని వెంట ఏమేం వస్తాయి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆంధ్రా యూనివర్సిటీ పిన్ కోడ్ 530003ను తీసుకుని, ఒక పెద్ద సంఖ్య ధర్మాలు, వర్గీకరణ మీద సెమినార్ ఇవ్వాలి. 2 నుంచి 100 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూశారు, ఒక్కదానితోనూ పోలేదు. కాబట్టి ప్రధాన సంఖ్య అని రాసేయొచ్చా, ఇంకా ఏయే ధర్మాలు రాయాలి, రెండు ప్రధానాల లబ్ధం మీద నడిచే గుప్తీకరణ పద్ధతి ఆర్ఎస్ఏకి ఉదాహరణగా వాడుకోవచ్చా అని అడిగారు.

ప్రధాన సంఖ్య అని మాత్రం రాయకండి. 530003 = 617 × 859. ఈ రెండూ ప్రధాన సంఖ్యలే, రెండూ మూడంకెలవే. అందుకే వందలోపు వెతికిన వాళ్లెవరికీ ఇది చిక్కదు.

ఎక్కడ ఆగాలన్నది ముందు తేల్చుకోవాలి. 728² = 529984. మన సంఖ్య దానికన్నా కేవలం 19 ఎక్కువ. అంటే వర్గమూలం 728కి వెంట్రుకవాసి పైన ఉంది. ప్రధానమని నిరూపించాలంటే 728 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. అవి 129. వంద లోపు ఉన్నవి 25 మాత్రమే. 617 వరుసలో 113వ ప్రధాన సంఖ్య. మీరు 25వ మెట్టు మీద ఆగారు, తలుపు 113వ మెట్టు మీద ఉంది.

113 భాగహారాలు చేతితో చేయమని చెప్పను. కానీ మొదటి కొన్నింటిని నోటిలెక్కగా తేల్చే పద్ధతులు సెమినార్‌లో చూపిస్తే బాగుంటుంది. 1001 = 7 × 11 × 13 కాబట్టి, ఆరంకెల సంఖ్యలో చివరి మూడంకెల నుంచి మొదటి మూడంకెలు తీసేస్తే చాలు. 003 − 530 = −527. ఈ 527 అంటే 17 × 31. అందులో 7, 11, 13 ఏవీ లేవు, కనుక 530003లోనూ లేవు. ఒకే తీసివేతతో మూడు పరీక్షలు అయిపోయాయి. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. 527లో 17, 31 కనిపించగానే అవి 530003లోనూ ఉంటాయనుకుంటారు. ఈ కిటుకు 7, 11, 13లకే వర్తిస్తుంది. 17తో భాగిస్తే శేషం 11, 31తో భాగిస్తే శేషం 27. ఇక 53 సంగతి చూడగానే తెలుస్తుంది: 530000 = 53 × 10000, కాబట్టి శేషం 3.

అసలు పని ఫెర్మా పద్ధతిది. ఏ బేసి సంయుక్త సంఖ్యనైనా రెండు వర్గాల తేడాగా రాయవచ్చు, ఆ తేడాయే రెండు కారణాంకాలుగా విడిపోతుంది. పెద్ద వర్గం 530003 కన్నా ఎక్కువ ఉండాలి కాబట్టి 729 నుంచి మొదలుపెట్టి, ప్రతి సంఖ్యనూ వర్గం చేసి, అందులోంచి 530003 తీసేసి, మిగిలింది పరిపూర్ణ వర్గమా కాదా చూస్తూ పోవాలి. ఏ జల్లెడా లేకుండా పోతే 729 నుంచి 738 వరకు పది ప్రయత్నాలు. అదే 113 భాగహారాలతో పోలిస్తే ఎంతో నయం. కానీ ఇంకా తగ్గించవచ్చు, ఆ తగ్గింపే ఈ సంఖ్యలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం.

530003ను 4తో భాగిస్తే శేషం 3. ఏ వర్గాన్నైనా 4తో భాగిస్తే శేషం 0 గానీ 1 గానీ వస్తుంది. రెండు వర్గాల తేడాకి శేషం 3 రావాలంటే ఒకే దారి: పెద్ద వర్గానికి 0, చిన్న వర్గానికి 1. అంటే పెద్ద సంఖ్య సరి సంఖ్య కావాలి. ఇప్పుడు 3 సంగతి. అంకెల మొత్తం 5 + 3 + 3 = 11, 3తో భాగిస్తే శేషం 2. వర్గాలకు 3తో శేషం 0 లేదా 1 మాత్రమే. తేడా 2 రావాలంటే పెద్ద వర్గానికి 0, చిన్నదానికి 1. అంటే పెద్ద సంఖ్య 3తో పోవాలి. రెండూ కలిపితే అది 6 గుణిజం. 728 దాటాక 6 గుణిజాలు 732, 738, 744, ఇలా సాగుతాయి.

బోర్డు మీద రెండే లెక్కలు. మొదటిది 732²: 532900 + 2920 + 4 = 535824. అందులోంచి 530003 తీసేస్తే 5821. 76² = 5776, 77² = 5929, మధ్యలో పడింది. పనికిరాదు. రెండోది 738²: 740ని వర్గం చేస్తే 547600, అందులోంచి 2960 తీసి 4 కలిపితే 544644. దీంట్లోంచి 530003 తీసేయండి. 14641 వస్తుంది. పాస్కల్ త్రిభుజం గుర్తున్నవాళ్లకి ఇక్కడే కళ్లు మెరుస్తాయి: 1, 4, 6, 4, 1. అది 11⁴, అంటే 121². పని అయిపోయింది. 738 − 121 = 617, 738 + 121 = 859. కాగితం మీద రెండు నిమిషాలు పట్టదు.

జల్లెడ పట్టకుండా వరుసగా పోయేవాళ్లకి 731 దగ్గర ఒక గొయ్యి ఉంది. 731² − 530003 = 4358. 66² = 4356. రెండే తేడా. క్యాలిక్యులేటర్‌లో వర్గమూలం 66.015 అని చూపిస్తుంది. దశాంశాలు తక్కువగా చూపేలా సెట్ చేసి ఉంటే 66 అనే కనిపిస్తుంది. అప్పుడు 731 − 66 = 665, 731 + 66 = 797 అని రాసేస్తారు. 665 × 797 గుణిస్తే 530005 వస్తుంది. అందుకే వర్గమూలం దశాంశాల్లో చూడొద్దు, దగ్గరి పూర్ణ సంఖ్యను తిరిగి వర్గం చేసి సరిపోల్చండి. పైథాన్‌లో రాస్తే మ్యాథ్ మాడ్యూల్‌లో మామూలు ఎస్‌క్యూఆర్‌టీ బదులు ఐఎస్‌క్యూఆర్‌టీ వాడండి, అది పూర్ణ సంఖ్యే ఇస్తుంది. ఆరంకెల సంఖ్యకి రెండింట్లో ఏదైనా నడుస్తుంది గానీ, 2⁵³ అంటే 9007199254740992 దాటాక దశాంశ సంఖ్యలు చివరి అంకెలను మింగేస్తాయి.

ఈ పద్ధతి కారణాంకాలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడే పరుగెడుతుందని కూడా చెప్పండి, లేకపోతే వినేవాళ్లు దీన్ని సర్వరోగ నివారిణి అనుకుంటారు. మన పక్క పిన్ కోడ్‌లే దీనికి మంచి ఉదాహరణలు. 530001 = 9 × 58889, ఇందులో 58889 ప్రధాన సంఖ్య. నేరుగా ఫెర్మా పద్ధతి నడిపితే మొదటి ఫలితం 29449 దగ్గర వస్తుంది, అంటే 28721 ప్రయత్నాలు. అంకెల మొత్తం 9 అని చూసి ముందే 9ని తీసేస్తే ఒక్క క్షణం పని. మహారాణిపేట పిన్ 530002 మరీ విచిత్రం. దాన్ని 4తో భాగిస్తే శేషం 2. అలాంటి సంఖ్య రెండు వర్గాల తేడాగా ఎప్పటికీ రాదు. సరి సంఖ్యను ముందే పట్టుకునే షరతు లేని వైల్ లూప్‌కి దాన్ని ఇస్తే లూప్ ఆగనే ఆగదు. దాని విభజన 2 × 11 × 24091. కాబట్టి ముందు 2, 3, 5, 7, 11, 13లతో భాగించి చూడండి, ఆ తర్వాతే ఫెర్మా.

ఫెర్మా స్వయంగా 1643 నాటి ఒక ఉత్తరంలో 2027651281ని ఇదే పద్ధతితో 44021 × 46061గా విడగొట్టారు. 45030 నుంచి 45041 దాకా పన్నెండు ప్రయత్నాలు. మీ సెమినార్‌లో రెండో ఉదాహరణ కావాలంటే అదే పెట్టండి.

భాగహారం ప్రోగ్రామ్ కూడా చూపించాలనుకుంటే ఒక జాగ్రత్త. పైథాన్ రేంజ్‌లో చివరి విలువ లెక్కలోకి రాదు. వర్గమూలం దాకా అని రాసి ఒకటి కలపడం మరిచిపోతే 530003కి ఇబ్బంది లేదు గానీ, 617² = 380689 ఇస్తే ప్రధానమని చెబుతుంది. ఆ ఒక్క సంఖ్యతో పరీక్షించి చూస్తే తప్పు వెంటనే బయటపడుతుంది.

ఇప్పుడు వర్గీకరణ. చాలామంది సెమినార్లలో ధర్మాలన్నీ విడివిడిగా ఇంటర్నెట్ నుంచి ఏరి పట్టికగా పెడతారు. అలా చేయొద్దు. కారణాంకాలు తెలిశాక దాదాపు అన్నీ వాటి నుంచే పుడతాయి, ఎలా పుడతాయో చూపితేనే అందం.

భాజకాలు నాలుగే: 1, 617, 859, 530003. వాటి మొత్తం (సిగ్మా) 618 × 860 = 531480. తననితాను వదిలేసి మిగతా మూడింటిని కలిపితే 1477 మాత్రమే, సంఖ్యకన్నా చాలా తక్కువ, కనుక ఇది లోప సంఖ్య. పరిపూర్ణ సంఖ్యల దరిదాపుల్లో కూడా లేదు. ఆయిలర్ ఫై విలువ, అంటే 530003తో పరస్పర ప్రధానంగా ఉన్న చిన్న సంఖ్యల లెక్క, 616 × 858 = 528528. ఆ రెండు గుణకాలూ ఎటునుంచి చదివినా ఒకటే, లబ్ధంలో 528 రెండుసార్లు వచ్చింది. అది 528 × 1001. కారణం పెద్ద రహస్యమేమీ కాదు: 616 = 2³ × 7 × 11, 858 = 2 × 3 × 11 × 13, రెండింట్లో కలిపి 7, 11, 13 ఉన్నాయి కాబట్టి 1001 బయటపడింది. 616, 858ల గ.సా.భా. 22, క.సా.గు. 24024. ఈ 24024ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ రెండుసార్లు వస్తుంది.

లెక్క తప్పలేదని చూసుకోవడానికి ఒక చిన్న తనిఖీ. రెండు వేర్వేరు ప్రధానాల లబ్ధానికి సిగ్మా, ఫై కలిపితే ఆ సంఖ్యకు ఒకటి కలిపి రెట్టింపు చేసినంత రావాలి. 531480 + 528528 = 1060008 = 2 × 530004. సరిపోయింది. ఇంకోటి: ఫై తెలిస్తే కారణాంకాలు తెలిసినట్టే. 530004 − 528528 = 1476, అది రెండు కారణాంకాల మొత్తం. దాన్ని సగం చేస్తే మళ్లీ మన 738.

రెండు ప్రధానాల లబ్ధం కాబట్టి అర్ధప్రధాన సంఖ్య. ఏ వర్గంతోనూ పోదు. ప్రధాన కారణాంకాలు వేర్వేరుగా రెండు, అంటే సరి సంఖ్యలో ఉన్నాయి కాబట్టి మోబియస్ విలువ +1. రెండు ప్రధానాల్లోనూ అంకెల సంఖ్య సమానం కాబట్టి బ్రిలియంట్ సంఖ్యల జాబితాలో చేరుతుంది. బ్లమ్ పూర్ణాంకం మాత్రం కాదు. దానికి రెండు ప్రధానాలూ 4తో శేషం 3 ఇవ్వాలి, 859 ఇస్తుంది, 617 ఇవ్వదు. అంకెల మొత్తం 11, కానీ 11తో పోదని పైన చూశాం, కనుక కాప్రేకర్ పేరుపెట్టిన హర్షద్ సంఖ్య కాదు. స్మిత్ సంఖ్య కూడా కాదు, దానికి ప్రధాన కారణాంకాల అంకెల మొత్తం కూడా 11 రావాలి, 617, 859ల అంకెలు కలిపితే 36. అంకెల వర్గాలు కలుపుకుంటూ పోతే 43, 25, 29, 85, 89, ఆ తర్వాత తిరిగే చక్రంలో పడిపోతుంది, 1కి చేరదు, కాబట్టి హ్యాపీ సంఖ్య కాదు. బైనరీలో 10000001011001010011, ఇరవై బిట్లు, అందులో ఎనిమిది ఒకట్లు. పదహారు ఆధారంగా రాస్తే 81653, అక్షరం ఒక్కటీ రాదు. అంకెల మీద ఆధారపడే ఈ ధర్మాలకు ఒక స్లైడ్ చాలు. పది ఆధారం మార్చేస్తే వాటిలో చాలావరకు మారిపోతాయి. పిన్ కోడ్‌గా దీని అర్థం కూడా అంతే. 1972 ఆగస్టు 15న మొదలైన ఆ పద్ధతిలో మొదటి 5 మన దక్షిణ ప్రాంతానికి, 530 విశాఖకి గుర్తు. సంఖ్య ధర్మాలకు దానితో సంబంధం లేదు.

వర్గాల మొత్తాల సంగతికి ఎక్కువ సమయం ఇవ్వండి. 617 = 16² + 19². కానీ 530003ను రెండు వర్గాల మొత్తంగా రాయడం కుదరదు. 4తో శేషం 3 ఇచ్చే ప్రధానం (ఇక్కడ 859) బేసిసార్లు వస్తే అది అడ్డుపడుతుంది. మూడు వర్గాలకు మాత్రం దారి ఉంది. 8తో భాగిస్తే శేషం 3, లెజెండ్ర్ సిద్ధాంతం నిషేధించిన రూపం (4తో పోయినన్నిసార్లు భాగించాక 8తో శేషం 7 ఇచ్చేది) అది కాదు. శేషం 3 అంటే మూడు వర్గాలూ బేసివే కావాలి. వెతకడం ఇలా: 727² తీస్తే 1474 మిగులుతుంది, అందులో 11 ఒకసారే ఉంది, రెండు వర్గాలుగా విడదు. 725² తీస్తే 4378, అందులోనూ 11 ఒకసారే. 723² తీస్తే 7274 = 2 × 3637. ఈ 3637 ప్రధానం, 4తో శేషం 1, కాబట్టి విడుతుంది: 46² + 39². రెట్టింపు చేస్తే 85² + 7². అంటే 530003 = 723² + 85² + 7². ఇదే సమీకరణాన్ని ఇంకో కంటితో చూస్తే త్రిభుజ సంఖ్యలు వస్తాయి. 3 తీసి 8తో భాగించండి, 66250. అది 361వ, 42వ, 3వ త్రిభుజ సంఖ్యల మొత్తం: 65341 + 903 + 6. ప్రతి సంఖ్యా మూడు త్రిభుజ సంఖ్యల మొత్తమని గౌస్ 1796 జూలై 10న తన డైరీలో "యురేకా" అని రాసుకున్నది ఈ సిద్ధాంతం గురించే. వరుస సంఖ్యల మొత్తంగా కూడా మూడు రకాలుగా రాయవచ్చు: 265001 + 265002, 551 నుంచి 1167 దాకా 617 సంఖ్యలు, 188 నుంచి 1046 దాకా 859 సంఖ్యలు.

ఎమ్మెస్సీ వాళ్లు వింటుంటే సమూహ సిద్ధాంతం నుంచి ఒక్క మాట. 530003 మూలకాలున్న సమూహం ఒక్కటే ఉంది, అది చక్రీయ సమూహం. 858ని 617 భాగించదు, శేషం 241 మిగులుతుంది. కాబట్టి రెండు రకాల సైలో ఉపసమూహాలూ ఒక్కొక్కటే ఉంటాయి, సమూహం వాటి లబ్ధంగా విడిపోతుంది. ఆ భాగహారం నిశ్శేషమైతే చక్రీయం కాని సమూహం ఇంకొకటి ఉండేది.

ఇక ప్రధానత పరీక్షలు. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 530003 ప్రధానమైతే 2ని 530002 ఘాతానికి ఎత్తి 530003తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. వచ్చేది 375556. కాబట్టి కారణాంకాలు తెలియకముందే ఇది సంయుక్తమని తేలిపోతుంది. పైథాన్‌లో పౌ ఫంక్షన్‌కు 2, 530002, 530003 అని మూడు విలువలూ ఒకేసారి ఇవ్వండి. ముందు ఘాతం కట్టి తర్వాత శేషం తీస్తే మధ్యలో 1,59,547 అంకెల సంఖ్య తయారవుతుంది. సీ భాషలో రాసేవాళ్లకి ఇంకో ప్రమాదం. శేషాలు అయిదు లక్షల దాకా వెళ్తాయి, వాటి వర్గం 28 వేల కోట్లు దాటవచ్చు. మామూలు ఇంట్ పరిమితి 2147483647, అంటే 46340 దాటిన దేన్ని వర్గం చేసినా పొర్లిపోతుంది. తప్పు సమాధానం వస్తుంది, హెచ్చరిక ఏమీ రాదు. లాంగ్ లాంగ్ వాడండి.

ఆధారంగా 2 బదులు 43808 తీసుకుంటే పరీక్ష మోసపోతుంది, శేషం 1 వస్తుంది. ఎందుకో చూడండి. 43807 = 617 × 71, 43809 = 859 × 51. ఆ రెండింటి లబ్ధం 43808² − 1, అందులో 530003 పూర్తిగా ఉంది. అంటే 43808ని వర్గం చేస్తేనే శేషం 1 వచ్చేస్తుంది, 530002 సరి సంఖ్య కాబట్టి ఆ ఘాతానికీ 1 వస్తుంది. ఇలా మోసం చేసే ఆధారాలు మొత్తం 22 × 22 = 484, అంటే వెయ్యికి ఒకటి కన్నా తక్కువ. మిల్లర్–రాబిన్ పరీక్ష 43808ని పట్టేస్తుంది. అది 530002లో సగమైన 265001 ఘాతం దగ్గర ముందు ఆగి చూస్తుంది. అక్కడ శేషం 43808 వస్తుంది, 1 కాదు, −1 కూడా కాదు. ప్రధాన సంఖ్యకు అది అసాధ్యం. పైగా ఇలాంటి శేషం దొరికితే కారణాంకం కూడా చేతికొచ్చినట్టే, 43807, 530003ల గ.సా.భా. తీస్తే 617. ఈ కఠిన పరీక్షను మోసం చేసే ఆధారాలు 242కి తగ్గుతాయి.

ఆర్ఎస్ఏ ప్రశ్నకు జవాబు: బోర్డు మీద చూపడానికి బాగా పనికొస్తుంది. బహిరంగ ఘాతం 3 తీసుకోవద్దు, 858లో 3 ఉంది. తీసుకుంటే 1, 422029 అనే రెండు వేర్వేరు సందేశాలు రెండూ 1గానే మారతాయి, వెనక్కి విప్పడం ఎవరివల్లా కాదు. 5 తీసుకోండి. రహస్య ఘాతానికి 24024కి ఒకటి కలిపి 5తో భాగించండి, 4805. ఫై విలువ వాడినవాళ్లకి 317117 వస్తుంది, అదీ సరైనదే, 24024తో భాగిస్తే శేషం 4805. ఇద్దరికీ వేరు సమాధానాలు వచ్చాయని క్లాసులో గొడవపడనక్కర్లేదు. సందేశంగా యూనివర్సిటీ పుట్టిన 1926నే తీసుకుందాం. 1926ని వర్గం చేస్తే శేషం 529458, అంటే −545. మళ్లీ వర్గం చేస్తే 297025. దాన్ని 1926తో గుణించి శేషం తీస్తే 196913. అదే గుప్త సందేశం. దాన్ని 4805 ఘాతానికి ఎత్తితే తిరిగి 1926 రావాలి.

నిజమైన తాళంగా (గుప్తీకరణ కీగా) ఇది ఎందుకు నిలవదో కూడా చెప్పాలి. పరిమాణం చిన్నదన్నది ఒకటి. 2048 బిట్ల తాళంలో సంఖ్య 617 అంకెల పొడవు ఉంటుంది, మన కారణాంకం అక్కడ మళ్లీ కనిపించడం యాదృచ్ఛికమే. రెండోది, ప్రధానాలు దగ్గరగా ఉండటం. పైన రెండు ప్రయత్నాల్లో విరిగింది చూశారుగా. 2022లో కొన్ని ప్రింటర్లు తయారుచేసుకున్న అసలు తాళాలే ఇలా ఫెర్మా పద్ధతికి విరిగిపోయాయి. అమెరికా ప్రమాణం ప్రకారం 2048 బిట్ల తాళంలో రెండు ప్రధానాల తేడా 2⁹²⁴ కన్నా ఎక్కువ ఉండాలి. మూడోది, 616లో 11ని మించిన ప్రధానం లేకపోవడం. పొలార్డ్ 1974లో ఇచ్చిన పద్ధతిలో 2ని వరుసగా 2, 3, 4 ఇలా 11 దాకా ఘాతాలకు ఎత్తి, ఒకటి తీసేసి 530003తో గ.సా.భా. కడితే 617 వచ్చేస్తుంది. 11 చేరేదాకా ఏమీ రాదు, చేరగానే వస్తుంది. 859 రాదు, దానికి 13 కావాలి. ఇలా చిన్న ప్రధానాలకే విడిపోయే సంఖ్యలు ఎంత తరచుగా వస్తాయన్న లెక్క మీద ఇదే ఆంధ్రా యూనివర్సిటీకి చెందిన వి. రామస్వామి 1949లో పత్రాలు ప్రచురించారు. వాల్తేరులో ఇచ్చే సెమినార్‌లో ఆ పేరు తప్పక చెప్పండి.

చివరగా 1ని 530003తో భాగిస్తే వచ్చే దశాంశం. ఆవర్తనం, అంటే మళ్లీ మళ్లీ వచ్చే అంకెల వరుస పొడవు, 24024ని భాగించే సంఖ్యే అవుతుంది, అసలు విలువ 1144. 617కి ఆవర్తనం 88, 859కి 26, వాటి క.సా.గు. 1144. ఇక్కడ తప్పెక్కడ చేస్తారంటే, 10ని 1144 ఘాతానికి ఎత్తితే శేషం 1 వచ్చిందని అక్కడితో ఆగిపోతారు. అంతకన్నా చిన్న ఘాతానికి 1 రాలేదని చూపాలి. 1144 = 2³ × 11 × 13 కాబట్టి 572, 104, 88 ఘాతాలకు 1 రాలేదని చూస్తే చాలు. 88 దగ్గర 617కి మాత్రమే 1 వస్తుంది, 859కి రాదు. 859కి 26 ఎలా వచ్చిందో బోర్డు మీదే గుణించి చూపవచ్చు: 859 × 11641443539 = 10000000000001, ఒకటి, పన్నెండు సున్నాలు, ఒకటి. అంటే 10ని 13 ఘాతానికి ఎత్తితే శేషం −1, దాన్ని వర్గం చేస్తే 26 ఘాతం దగ్గర +1.